అనువాద చౌర్యం, అనువాదకుల అజ్ఞాతం: ఒక సమీక్ష

ఒకరు చేసిన అనువాదాన్ని ఇంకొకరు తమ పేరుతో అచ్చు వేసుకోవడం అనువాద చౌర్యం. మూల రచనను దొంగిలిస్తే అడగడానికి రచయిత ఉంటాడు, లేదా అతని వారసులుంటారు, ఎవరూ లేకపోతే అభిమానించే పాఠకులైనా ఉంటారు. అనువాదం విషయంలో ఈ కాపలా ఉండదు. పుస్తకం మీద మూల రచయిత పేరు సరిగానే ఉంటుంది. కథ అదే, పాత్రలు అవే. మారేదల్లా లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే ఒక పేరు. ఆ పేరు చూసే అలవాటు పాఠకులకు తక్కువ, సమీక్షకులకూ తక్కువే. చౌర్యం ఒక సమస్య, అజ్ఞాతం ఇంకో సమస్య అని విడదీసి చూస్తే రెండూ సగమే అర్థమవుతాయి. అనువాదకులు కనిపించకపోవడం వల్లే వారి పనిని ఎత్తుకుపోవడం సులువవుతోంది.

చౌర్యంలో రకాలు

అన్నిటికంటే మొరటుది, పాత అనువాదాన్ని యథాతథంగా తీసుకుని అనువాదకుల పేరు మార్చడం. మార్చిన పేరు నిజంగా ఉన్న మనిషిది కావచ్చు, అసలు ఉనికే లేని కల్పిత నామం కావచ్చు. రెండోది, పాత పాఠంలో అక్కడక్కడా మాటలు మార్చడం: ‘ఇల్లు’ ఉన్నచోట ‘గృహం’, ‘వెళ్ళాడు’ ఉన్నచోట ‘పోయాడు’. వాక్యాల నడక, పేరాల విరుపు, వదిలేసిన భాగాలు మాత్రం పాతవే. మూడోది, నడుమ ఉన్న భాషను దాచిపెట్టడం. ఇంగ్లీషు నుంచి చేసిన టాల్‌స్టాయ్‌ని, హిందీ నుంచి చేసిన బెంగాలీ నవలను మూలభాష నుంచి నేరుగా చేసినట్టు ప్రకటిస్తే నడుమ ఉన్న అనువాదకులు రెండోసారి మాయమవుతారు. నాలుగోది, అనువాదమన్న సంగతే చెప్పకుండా పరభాషా రచనను సొంత రచనగా చూపడం. అయిదోది, అనువాదాన్ని వాడుకుని ఎవరి పేరూ వేయకపోవడం. ఈ చివరిదాన్ని చాలామంది దొంగతనంగానే లెక్కించరు. అది ఎక్కువగా జరగడానికి కారణం కూడా అదే.

పాత సంప్రదాయం చెప్పినది

పరాయి రచనను వాడుకోవడంలో తరతమ భేదాలుంటాయని భారతీయ అలంకారికులు ఏనాడో గుర్తించారు. తొమ్మిదో శతాబ్దిలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో కావ్యాల మధ్య పోలికను మూడు రకాలు చేశాడు: అద్దంలో ప్రతిబింబం లాంటిది, చిత్తరువు లాంటిది, ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల లాంటిది. మొదటి రెండూ వదిలిపెట్టదగినవని, మూడోదాన్ని తప్పుపట్టనక్కర లేదని తీర్పు చెప్పాడు. ఆ తరువాత రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో శబ్దహరణం, అర్థహరణం అని రెండుగా విడదీసి, ఈ విషయానికి అధ్యాయాలే కేటాయించాడు. అనువాద చౌర్యాన్ని ఈ పరిభాషలో పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. అనువాదంలో అర్థం మూల రచయితది. అనువాదకులది అంటూ ఉన్నది శబ్దమే. శబ్దహరణం జరిగితే వారికి మిగిలేది ఏమీ లేదు.

తెలుగులో సాహిత్యం అనువాదంతోనే మొదలైంది. ఆనాడు అనువాదకులు అజ్ఞాతులు కారు. ఆంధ్ర మహాభారతం అనగానే వ్యాసుడి కంటే ముందు నన్నయ, తిక్కన, ఎర్రన గుర్తుకొస్తారు. శృంగార నైషధం శ్రీనాథుడిదిగానే నిలిచింది. సంస్కృత మూలకర్త శ్రీహర్షుడి పేరు పండితులు చెబితే తెలియాల్సిందే. ప్రతి ఆశ్వాసం చివర గద్యలో కవి తన పేరు చెప్పుకోవడం ఆనవాయితీ. అచ్చుయంత్రం వచ్చి, నవల వచ్చి, రచయిత పేరే సరుకు పేరయ్యాక వ్యవహారం తలకిందులైంది. పేరు అట్ట మీది నుంచి లోపలి పేజీకి, అక్కడి నుంచి కొన్నిచోట్ల శూన్యంలోకి జారింది.

అనువాదంలో అనువాదకుల సొత్తు ఏది

చౌర్యం బయటపడినప్పుడు వినిపించే మొదటి సమాధానం ఒకటే: మూలం ఒకటే అయినప్పుడు అనువాదాలు ఒకలాగే ఉంటాయి కదా. ఉండవు. ఒక ఇంగ్లీషు నవలలో వృద్ధుడొకడు తలుపు మూసి ఏమీ మాట్లాడడనుకుందాం. తెలుగులో అతను ముసలాయన, ముసలివాడు, వృద్ధుడు, పెద్దాయన అనే నాలుగింటిలో ఏదైనా కావచ్చు. తలుపు మూయవచ్చు, వేయవచ్చు, దగ్గరికి వేయవచ్చు. ఆ తరువాత అతను ఏమీ అనలేదు, నోరు మెదపలేదు, పెదవి విప్పలేదు, మౌనంగా ఉండిపోయాడు. ఈ మాటలతోనే 48 వాక్యాలు తయారవుతాయి. అలాంటి వాక్యాలు మూడు వరసగా వస్తే దారులు లక్షా పదివేలు దాటతాయి. అనువాదకులు మాటల్ని గుడ్డిగా ఎంచుకోరు కాబట్టి కొన్ని వాక్యాలు కలిసే మాట నిజం. పేజీలకు పేజీలు కలవడం మాత్రం కాకతాళీయం కాదు.

తెలుగుకు మరో ప్రత్యేకత ఉంది. మూలంలో లేని నిర్ణయాలను ఈ భాష అనువాదకుల చేత చేయిస్తుంది. ఇంగ్లీషులో ‘అంకుల్’ అంటే పెదనాన్న, బాబాయి, మామయ్య, ఎవరైనా కావచ్చు. ఆ మనిషి తల్లి తరఫువాడో తండ్రి తరఫువాడో మూడో అధ్యాయంలో తెలియదు. అనువాదకులు బాబాయి అని రాస్తారు. ఇరవయ్యో అధ్యాయంలో అతను తల్లికి తమ్ముడని తేలుతుంది. అక్కడి నుంచి మామయ్య అవుతాడు. మొదటి భాగం దిద్దడం మరిచిపోతారు. కొత్త అనువాదమని వచ్చిన పుస్తకంలోనూ బాబాయి సరిగ్గా అదే అధ్యాయంలో మామయ్యగా మారితే ఇక వేరే సాక్ష్యం అక్కర లేదు. ఒప్పు ఇద్దరికీ విడివిడిగా తట్టవచ్చు. అదే తప్పు అదే చోట ఇద్దరూ చేయడం అరుదు. తాళపత్ర ప్రతుల్లో ఏది దేనికి నకలో తేల్చడానికి పరిష్కర్తలు వాడే సూత్రమూ ఇదే.

నువ్వు, మీరు విషయమూ అంతే. రష్యన్‌లో ఈ తేడా ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి చెరిగిపోతుంది. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవారు దాన్ని సొంత ఊహతో మళ్ళీ నిలబెట్టాలి. భార్య భర్తను మీరు అంటుందా, పాలేరును జమీందారు ఒరేయ్ అంటాడా, ప్రేమికులు ఏ పేజీలో మీరు వదిలి నువ్వులోకి దిగుతారు, కథకుడు ఒక పాత్రను వాడు అనాలా, అతను అనాలా, ఆయన అనాలా — ఇవన్నీ అనువాదకులు పెట్టినవి. వీటితో పాటు విదేశీ పేర్లకు రాసిన వర్ణక్రమం, వదిలేసిన పేరాలు, పొరపాటుగా అర్థం చేసుకున్న నానుడులు కలిపి చూస్తే అది అనువాదకుల వేలిముద్ర అవుతుంది. మూలంలో లేనిదేదో అదే అనువాదకుల సొత్తు. దొంగ దొరికేదీ అక్కడే.

పాత అనువాదాన్ని చూడటమే తప్పని దీని అర్థం కాదు. తరువాత వచ్చినవారు ముందువారి పరిష్కారాలను చూసి, ఏది బాగుందో గ్రహించి, ఆ సంగతి ముందుమాటలో చెప్పుకుంటే అది విద్వత్తే. దాచిపెట్టినప్పుడే చౌర్యం.

బయటపడిన సందర్భాలు

బ్రెజిల్ అనుభవం ఈ విషయంలో పాఠం లాంటిది. పోర్చుగల్‌కు చెందిన గ్రీకు పండితురాలు మరియా హెలెనా ద రోషా పెరేరా చేసిన ప్లేటో ‘రిపబ్లిక్’ అనువాదం బ్రెజిల్‌లో ఒక చవక పుస్తకాల మాలలో వేరే అనువాదకుడి పేరుతో వెలువడిందన్న సంగతి 2007లో పత్రికలకెక్కింది. ఆ అనువాదకుడి పేరు మీదే అనేక భాషల ప్రసిద్ధ గ్రంథాలు ఉండటంతో అనుమానం బలపడింది. ఒక్క మనిషి అన్ని భాషల నుంచి అన్ని పుస్తకాలు చేయగలడా అన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ రాకపోవడమే విచిత్రం. ఆ తరువాత దెనీసి బొట్‌మన్ అనే అనువాదకురాలు పాత, కొత్త పాఠాలను పక్కపక్కన పెట్టి, వాక్యం వెంట వాక్యం చూపిస్తూ ఎన్నో పుస్తకాల గుట్టు విప్పారు. ఒక ప్రచురణ సంస్థ ఆమె మీదే దావా వేసింది. తోటి అనువాదకులు సంతకాలు సేకరించి ఆమెకు అండగా నిలిచారు.

తుర్కియేలో దారి వేరు, ఫలితం అదే. అక్కడ 1940లో విద్యామంత్రి హసన్ ఆలీ యూజెల్ చొరవతో ఏర్పడిన అనువాద సంస్థ ప్రపంచ సాహిత్యాన్ని తుర్కీ భాషలోకి తెచ్చింది. 2000 తరువాతి దశకంలో విద్యాశాఖ బడిపిల్లలు చదవాల్సిన వంద పుస్తకాల జాబితా ప్రకటించింది. గిరాకీ పుట్టడంతో చవక ముద్రణలు పోటెత్తాయి. వాటిలో పాత అనువాదాలను కొత్త పేర్లతో దింపేసినవి ఎన్నో ఉన్నాయని అనువాద పరిశోధకులు పాఠాలు పోల్చి చూపించారు. 2006లో మరో రచ్చ రేగింది: ‘పినోకియో’, ‘హైదీ’ వంటి పిల్లల పుస్తకాల్లో మూలంలో లేని మతపరమైన పలకరింపులు, మాటలు జొరబడ్డాయి. అనువాదం ఎవరిదో పట్టించుకోని చోట పాఠంలో ఏం కలిపారో కూడా ఎవరూ పట్టించుకోరని దీనితో తేలింది.

మూడోది లండన్‌లో జరిగింది. 2023లో బ్రిటిష్ మ్యూజియం పందొమ్మిదో శతాబ్దపు చైనా మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. 1907లో మరణశిక్షకు గురైన విప్లవ కవయిత్రి చ్యూ జిన్ కవితలకు కెనడాలో ఉండే యిలిన్ వాంగ్ చేసిన ఇంగ్లీషు అనువాదాలను అందులో వాడుకున్నారు. అనుమతి అడగలేదు, పేరు వేయలేదు, పారితోషికం ఇవ్వలేదు. ఆమె బహిరంగంగా ప్రశ్నించాక మ్యూజియం పొరపాటు జరిగిందని చెప్పి ఆ అనువాదాలను తొలగించింది. న్యాయపోరాటానికి ఆమె చందాలు సేకరించారు. ఆ ఏడాది ఆగస్టులో ఒప్పందం కుదిరింది. మ్యూజియం క్షమాపణ చెప్పి, డబ్బు చెల్లించింది. వస్తువులు, బొమ్మలు, ఫొటోలు ఎవరివో ఆచితూచి రాసే ఇలాంటి సంస్థకు అనువాదానికి కూడా యజమాని ఉంటారన్న సంగతి తట్టలేదు. అజ్ఞాతం ఎంతగా వేళ్ళూనిందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఈ సందర్భాల్లో కొన్ని అంశాలు కలుస్తాయి. మూల రచయిత హక్కుల గడువు తీరిపోయి ఉంటుంది. అనుమతి అడగాల్సిన పని లేదు. పాత అనువాదకులు చనిపోయి ఉంటారు, లేదా దూరాన ఉంటారు. కొత్తగా అనువాదం చేయించడానికి డబ్బు, నెలల సమయం కావాలి. పాత పుస్తకం మళ్ళీ టైపు చేయించడానికి కొద్ది రోజులు చాలు.

తెలుగు నేల మీద

తెలుగులో అజ్ఞాతానికి అందమైన ఉదాహరణ బెంగాలీ నవలాకారుడు శరత్‌చంద్ర చటర్జీ. ఆయన తెలుగువాడేనని నమ్మిన పాఠకులు ఉండేవారని సాహిత్య చరిత్రలో తరచుగా చెప్పుకుంటారు. ఆ నమ్మకాన్ని పుట్టించినవారు చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటి అనువాదకులు. అనువాదం ఎంత సహజంగా ఉంటే అనువాదకులు అంతగా మరుగునపడతారు. ఇక్కడ ఆ సహజత్వం మూల రచయిత ఊరినే మార్చేసింది. బెంగాలీ నేర్చుకుని శరత్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చిన చక్రపాణిని ఈనాడు విజయా సంస్థ నిర్మాతగా, ‘చందమామ’ నడిపినవారిగా అందరూ ఎరుగుదురు. అనువాదకుడిగా తలుచుకునేవారు కొద్దిమందే.

ఇంకో అలవాటు ‘అనుసరణ’ అనే మాట చాటున పెరిగింది. తెలుగు పుస్తకాల మీద అనువాదం, స్వేచ్ఛానువాదం, అనుసరణ, ఆధారం, ఛాయ అనే మాటలు కనిపిస్తాయి. వీటిలో ప్రతిదానికీ నిజమైన అవసరం ఉంది. గోల్డ్‌స్మిత్ నవల ఛాయలున్న కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ సొంత జీవంతో నిలిచింది. అది 1887లో తిరిగి ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. అయితే ఇవే మాటలు మూలం పేరు ఎగ్గొట్టడానికీ పనికొచ్చాయి. పత్రికల కథలు, డిటెక్టివ్ నవలలు, నాటకాలు పరభాషల నుంచి దిగుమతి అయిన కాలంలో ‘ఒక ఇంగ్లీషు కథ ఆధారంగా’ అనే ఒక్క ముక్కతో రచయితా, నడుమ అనువాదకులూ కలిసి కనుమరుగయ్యేవారు.

దీనికి ఎదురుగా మంచి ఆచారాలూ ఉన్నాయి. మాస్కో ప్రగతి ప్రచురణాలయం, తరువాత రాదుగ వేసిన తెలుగు పుస్తకాలు అనువాదకుల పేర్లు ముద్రించేవి. ఆ పుస్తకాల వల్లే ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో చేసిన పని తెలుగు పాఠకులకు చేరువైంది. అలెక్స్ హేలీ నవలను ‘ఏడుతరాలు’గా అందించిన సహవాసి పేరును పాఠకులు మూల రచయిత పేరుతో జతగా గుర్తుంచుకున్నారు. పేరు కనిపించేలా వేస్తే పాఠకులు గుర్తుంచుకుంటారనడానికి ఇది చాలు.

చట్టం ఎక్కడుంది

అనువాదాన్ని మూల రచనకు భంగం కలగకుండా స్వతంత్ర రచనగా కాపాడాలని బెర్న్ ఒప్పందం చెబుతుంది. భారతదేశంలో ఈ ఆలోచన మెల్లగా వచ్చింది. మాక్మిలన్ సంస్థ వేసిన దావాలో 1895లో బొంబాయి హైకోర్టు, ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి అనువదిస్తే హక్కుల ఉల్లంఘన కాదని తీర్పిచ్చింది. 1914 చట్టం అనువాద హక్కును రచయితకు ఇచ్చినా, మొదటి ప్రచురణ నుంచి పదేళ్ళకే పరిమితం చేసింది. బెంగాలీ నవలలు తెలుగులోకి వరదలా వచ్చిన రోజుల్లో అమల్లో ఉన్న చట్టం ఇదే.

ఇప్పటి 1957 కాపీరైటు చట్టం ప్రకారం అనువదించే హక్కు మూల రచయితది. అనుమతితో అయినా, గడువు తీరిన రచన నుంచి అయినా, చేసిన అనువాదం మీద అనువాదకులకు సొంత హక్కు ఉంటుంది. అది జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. శరత్ 1938లో కన్నుమూశారు. ఆయన మూల రచనల మీద హక్కులు ఎప్పుడో తీరాయి. చక్రపాణి 1975లో మరణించారు. ఆయన పేరుతో వెలువడిన అనువాదాలకు రక్షణ 2035 చివరి వరకు ఉంటుంది. ‘శరత్ రచనలకు కాపీరైటు లేదు కదా’ అని పాత తెలుగు పాఠాన్ని దింపుకునేవారు తప్పు లెక్క వేస్తున్నట్టే. 57వ సెక్షన్ ఇంకా బలమైనది: హక్కులు పూర్తిగా అమ్మేసుకున్నా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితను వదలదు, అనువాదకులకూ అదే వర్తిస్తుంది. 63వ సెక్షన్ కింద తెలిసి ఉల్లంఘించినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

చట్టం కాగితం మీద చాలినంత ఉంది. ఆచరణలో పేజీకి ఇంత అని నోటి మాటగా ఒప్పుకుని చేసిన పనికి కాగితం ఉండదు. వచ్చే పారితోషికం కంటే వకీలు ఫీజు ఎక్కువవుతుంది. విశ్వవిద్యాలయాల కోసం యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిబంధనలు పోలికల శాతాన్ని బట్టి శిక్షలు నిర్ణయించాయి. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులో పెట్టి సొంతమని చెప్పుకుంటే మాత్రం మాటకు మాట పోల్చే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. అక్కడ రెండు భాషలూ చదివిన మనిషే కావాలి.

కనిపించేలా చేసే ప్రయత్నాలు

అమెరికా పండితుడు లారెన్స్ వెనూటి 1995లో అనువాదకుల అదృశ్యత మీద రాసిన పుస్తకం ఈ చర్చకు పేరు పెట్టింది. తేటగా, అనువాదం కానట్టు చదివించాలన్న గిరాకీయే అనువాదకులను తుడిచేస్తోందని ఆయన వాదన. 2016 నుంచి ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి 50 వేల పౌండ్లను రచయితకూ అనువాదకులకూ సమంగా పంచుతోంది. 2022లో గీతాంజలి శ్రీతో పాటు డైసీ రాక్‌వెల్, 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్‌తో పాటు దీపా భాస్తి వేదికెక్కారు. 2021 సెప్టెంబరు 30న, అంతర్జాతీయ అనువాద దినం నాడు, అనువాదకురాలు జెనిఫర్ క్రాఫ్ట్, నవలాకారుడు మార్క్ హాడన్ కలిసి అనువాదకుల పేరు అట్ట మీద వేయాలని బహిరంగ లేఖ రాశారు. చాలామంది రచయితలు గొంతు కలిపారు. మన దేశంలో సాహిత్య అకాడెమీ 1989లో అనువాద బహుమతి నెలకొల్పింది. మూల రచనకు ఇచ్చే మొత్తం లక్ష రూపాయలైతే అనువాదానికి 50 వేలు. గుర్తింపు వచ్చింది, సమానత్వం ఇంకా రాలేదు.

యంత్రానువాదం కొత్త చిక్కు తెచ్చింది. పాత అనువాదాన్ని యంత్రంతో తిరగరాయించి మాటలు మార్చడం నిమిషాల పని. యంత్రం ఇచ్చిన పాఠాన్ని కొద్దిగా దిద్ది అనువాదకుల పేరు పెట్టుకోవడమూ తేలికే. ఇకముందు పదాల పోలిక సాక్ష్యంగా బలహీనపడుతుంది. వదిలేసిన పేరాలు, తప్పుల వరస, వరసల పిలుపులు వంటి లోతైన గుర్తులే మిగులుతాయి.

నివారణకు పెద్ద యంత్రాంగం అక్కర లేదు. అట్ట మీద రచయిత పేరు కింద అనువాదకుల పేరు. లోపలి పేజీలో ఏ భాష నుంచి, ఎవరి అనువాదం ఆధారంగా చేశారో, మొదట ఏ సంవత్సరం అచ్చయిందో. రెండు పేజీల ఒప్పంద పత్రం. పునర్ముద్రణలో పాత పేరు చెరపకపోవడం. గ్రంథాలయ జాబితాలోనూ ఆన్‌లైన్ అమ్మకాల పేజీలోనూ ఆ పేరు ఎక్కించడం. సమీక్షకులు ‘భాష సరళంగా ఉంది’ అని రాసినప్పుడు ఆ భాష ఎవరిదో ఒక్క వాక్యంలో చెప్పడం. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. పుస్తకం చేతిలోకి తీసుకున్న పాఠకులు మొదటి పేజీ తిప్పి, అనువాదం ఎవరిదని చూసి, పేరు లేకపోతే ప్రచురణకర్తను అడగడం మొదలుపెడితే మిగతావి వాటంతటవే దారికొస్తాయి.